డిగ్రీ కాలేజీ నుంచి ఫొటోనిక్స్ స్కాలర్‌షిప్ వస్తుందా? వస్తుంది, కానీ వరుస మార్చుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: నరసన్నపేట దగ్గర పల్లెటూరు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ ఆనర్స్, రెండో ఏడు ముగుస్తోంది. ఫొటోనిక్స్‌లో, అంటే కాంతిని పనిలో పెట్టే శాస్త్రంలో, ముఖ్యంగా ఆప్టికల్ సెన్సర్ల (కాంతితో కొలిచే పరికరాల) మీద ఆసక్తి. ఎస్‌పీఐఈ అనే అంతర్జాతీయ సొసైటీ ఇచ్చే విద్యార్థి స్కాలర్‌షిప్ ప్రకటన చూశారు. సభ్యత్వానికి డబ్బు కట్టి దరఖాస్తు పెట్టాలా, మాలాంటి కాలేజీల వాళ్లకి అసలు ఇస్తారా అని అడిగారు. నాన్నగారేమో "ఈ లైటు సదువు ఏటి, బీఈడీ చేసుకో" అంటున్నారు.

సూటిగా చెబుతాను. ఇస్తారు. కాలేజీ పేరు చూసి పక్కన పెట్టేసే ఇంటర్న్‌షిప్పులు కొన్ని ఉన్నాయి, మీరు చూసినది ఆ బాపతు కాదు. కాకపోతే ఈ ఏడాది మీరు మొదట పెట్టాల్సిన దరఖాస్తు అది కాదు. ముందు మీ చేత్తో చేసిన ఒక కొలత, తర్వాత మన దేశంలో దొరికే డబ్బు, ఆ తర్వాత విదేశీ సొసైటీలు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. సొసైటీ ఫారంతో మొదలుపెట్టి, వ్యాసంలో రాయడానికి ఏమీ లేక అక్కడే ఆగిపోతారు.

నేను విజయనగరం జిల్లాలో ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా పీహెచ్‌డీ ఫైబర్ సెన్సర్ల మీద. ఏటా సిఫారసు లేఖలు రాస్తుంటాను, అప్పుడప్పుడు దరఖాస్తులు వడపోసే కమిటీల్లో కూడా కూర్చున్నాను. అంచేత రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మీరు చూసిన స్కాలర్‌షిప్ సంగతి. ఎస్‌పీఐఈ 1955లో అమెరికాలో మొదలైన సొసైటీ. దాని స్కాలర్‌షిప్‌కి విద్యార్థి సభ్యత్వం ఉండాలి. వాళ్లు ముఖ్యంగా చూసేది ఒకటే: ఈ మనిషి ముందు ముందు ఆప్టిక్స్‌కి ఏమైనా చేస్తుందా? మార్కులు చూస్తారు గానీ, వాటితోనే తేల్చరు. గడువు సాధారణంగా ఫిబ్రవరి నెలలో పడుతుంది, ఏ ఏడు తేదీ ఆ ఏడు చూసుకోవాలి. రాబోయే విద్యా సంవత్సరంలో మీరు ఎక్కడో ఒకచోట చదువుతూ ఉండాలన్న షరతు చాలామంది గమనించరు. సభ్యత్వ రుసుం విద్యార్థులకి తక్కువే. అయినా దరఖాస్తుకి సరుకు సిద్ధమయ్యాక కట్టండి, ఇప్పుడే తొందర లేదు.

1916లో ఆప్టికల్ సొసైటీ ఆఫ్ అమెరికా (ఓఎస్‌ఏ)గా పుట్టి 2021లో పేరు మార్చుకున్న ఆప్టికా అనే సొసైటీ కూడా ఉంది. దాని ఫౌండేషన్ మహిళా విద్యార్థులకి విడిగా ఉమెన్ స్కాలర్స్ అనే పథకం నడుపుతుంది. మీరు అమ్మాయి కాబట్టి దాన్ని కూడా రాసిపెట్టుకోండి. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థలోని ఫొటోనిక్స్ సొసైటీ ఇచ్చేవి ఎక్కువగా పీజీ, పీహెచ్‌డీ వాళ్లకి, ఇప్పట్లో మీకు పని లేదు.

సభ్యత్వ రుసుం వేరు, "ప్రాసెసింగ్ ఫీజు" వేరు. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. డబ్బు తీసుకుని నాలుగు రోజుల్లో పేపరు అచ్చేసే జర్నళ్ల జోలికీ పోవద్దు. కమిటీలో కూర్చున్నవాళ్లకి ఆ పేర్లు కంఠతా వచ్చు. అలాంటి పేపరు దరఖాస్తులో కనబడితే మేలు మాట అటుంచి, మిగతా కాగితాల మీద కూడా అనుమానం వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, కొలత. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి చేశారు కదా. చాలాచోట్ల దాన్ని ఏం చేశారో మీకూ తెలుసు: నాలుగిళ్లు తిరిగి సర్వే ఫారాలు నింపడం, జిరాక్స్ షాపులో పాత రిపోర్టుకి కొత్త అట్ట వేయించడం. నాకు కడుపు మండే విషయం ఇది. ఫిజిక్స్ విద్యార్థికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. రెండు నెలల సమయం ఉంటుంది, కాలేజీ ల్యాబు ఉంటుంది, ఊళ్లోకి వెళ్లడానికి అనుమతి ఉంటుంది. మీకు రాబోయే ఇంటర్న్‌షిప్‌ని దీనికే వాడుకోండి.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. కవిటి వైపు ఊరి నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తూ నా దగ్గరికి వచ్చాడు. ఉద్దానం కిడ్నీ జబ్బు వాళ్లింట్లోనే ఉంది. దరఖాస్తులో మొదట రాసుకొచ్చిన వాక్యం: "ఉద్దానం ప్రజల కిడ్నీ సమస్యను ఫొటోనిక్స్ ద్వారా పరిష్కరించాలని నా ఆశయం." ఆ బాధ నిజమే, వాక్యం మాత్రం పనికిరాదు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలనే లేదు. పెద్ద పెద్ద సంస్థలు ఏళ్లుగా పట్టుకుని కూర్చున్నదాన్ని ఒక విద్యార్థి పరిష్కరిస్తానంటే చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. అందుకని ప్రశ్నని చిన్నది చేశాం. అనుమానించిన వాటిలో బోరు నీళ్లలోని సిలికా ఒకటి. దాన్ని తక్కువ ఖర్చుతో, కాంతితో కొలవగలమా? కొలిస్తే ఎంత తేడాతో కొలవగలం?

పద్ధతి పాతదే. నీళ్లలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే సిలికా ఉన్నంత మేర పసుపు రంగు తేలుతుంది. ఆ రంగు 410 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. 405 నానోమీటర్ల ఊదారంగు ఎల్ఈడీ, ఎదురుగా కాంతిని కరెంటుగా మార్చే బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్, మధ్యలో శాంపిల్ పోసే చిన్న పారదర్శక గొట్టం (క్యువెట్), మైక్రోయాంపుల్లో కరెంటు చూపించే మల్టీమీటరు. అంతే పరికరం. ఖాళీ నీళ్ల (సిలికా లేని నీళ్ల) రీడింగుని శాంపిల్ రీడింగుతో భాగించి లాగరిథం తీస్తే అబ్సార్బెన్స్, అంటే కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే అంకె, వస్తుంది. సిలికా పరిమాణం పెరిగేకొద్దీ అది సరళరేఖలో పెరగాలి. పుస్తకంలో ఒక పేరాలో అయిపోయే సంగతి ఇది.

బల్ల మీద అలా అవలేదు. మొదట ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ కాంతి తగ్గుతూ వచ్చింది. వెలిగించి కొంతసేపు ఆగాక, ప్రతి శాంపిల్‌కీ ముందు ఖాళీ నీళ్ల రీడింగు మళ్లీ తీయడం మొదలుపెట్టాక కుదురుకుంది. తర్వాత గాఢత ఎక్కువున్న చోట గీత వంగిపోయింది. సందుల్లోంచి గది వెలుతురు డయోడ్ మీద పడుతోంది. నల్ల గుడ్డ కప్పితే వంపు చాలావరకు పోయింది. మిగిలిన కాస్తా ఎల్ఈడీ ఒకే తరంగదైర్ఘ్యం ఇవ్వకపోవడం వల్ల. మూడోది నాకు బాగా నచ్చినది: సిలికా లేని నీళ్లలో కూడా సిలికా చూపించింది. ఆ నీళ్లు గాజు సీసాలో దాచిపెట్టాడు. గాజే సిలికా కదా, మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. ప్లాస్టిక్ సీసాలకి మార్చాడు. నీళ్లలో ఫాస్ఫేట్ ఉంటే అది కూడా ఇదే పసుపు రంగు ఇస్తుంది, ఆగ్జాలిక్ ఆమ్లం వేస్తే ఆ రంగు విరిగిపోతుంది. అదీ చేశాడు.

ఆ తర్వాత రాసిన దరఖాస్తులో ఆశయం అనే మాటే లేదు. ఏ బావులు, ఏం కొలిచాడు, తన పరికరానికీ, ఇదే కొలత తీసే కాలేజీ ల్యాబు మిషన్ స్పెక్ట్రోఫొటోమీటరుకీ ఎంత తేడా వచ్చింది, ఆ తేడాకి ఏది కారణం కావచ్చు, తర్వాత ఏ ల్యాబులో ఏం నేర్చుకోవాలనుకుంటున్నాడు. అరపేజీ. సైన్స్ అకాడెమీల వేసవి ఫెలోషిప్ వచ్చింది. ఆ రెండు నెలల్లో తెచ్చుకున్న సిఫారసు లేఖే తర్వాతి తలుపులన్నీ తీసింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇంట్లో చేసిన పరికరం పట్టుకుని ఊళ్లోకి వెళ్లి "మీ బావి నీళ్లు మంచివి కావు" అని మాత్రం చెప్పకండి. అక్కడి జనం ఇప్పటికే చాలామంది మాటలు విని ఉన్నారు. శాంపిల్ ఇచ్చినవాళ్లు అడిగితే, ఇది నేర్చుకోవడానికి చేసే కొలత అని, పరీక్ష కావాలంటే ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబు ఉందని చెప్పండి. కిడ్నీల పనితీరు తెలియడానికి చూసే క్రియాటినిన్ కొలుద్దామని కొందరికి ఉత్సాహం వస్తుంది. ఆ పద్ధతిలో వాడే పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలుతుంది. గైడు దగ్గర లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

రసాయనాలు వద్దనుకుంటే ఫైబర్‌తో చేయొచ్చు. ప్లాస్టిక్ ఫైబర్ కొంచెం మేర పైపొర తీసి పంచదార నీళ్లలో ముంచితే, పాకం చిక్కనయ్యేకొద్దీ అవతలి కొసకి చేరే కాంతి మారుతుంది. వక్రీభవన గుణకం (కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె) కొలిచే సెన్సరుకి ఇదే మొదటి మెట్టు. కేబుల్ కుర్రాళ్లు పారేసే గాజు ఫైబర్ ముక్కలతో మాత్రం ఆడుకోవద్దు. కంటికి కనబడని పెంకులు వేళ్లలో దిగితే తీయడం నరకం.

మన దేశంలో డబ్బు ఎక్కడుంది. అన్నీ రాయను, మీకు పనికొచ్చేవే.

మూడు సైన్స్ అకాడెమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పు మీకు మొదటిది. మామూలుగా శీతాకాలానికి ముందే దరఖాస్తులు పిలుస్తారు. ఏం చేయాలనుకుంటున్నారో ఒక చిన్న రాత, ఒక టీచరు లేఖ అడుగుతారు. దేశంలో మంచి ల్యాబుల్లో రెండు నెలలు ఉండనిచ్చి, భత్యం, రైలు ఖర్చు ఇస్తారు. ఆ రాతలోనే చాలామంది ఓడిపోతారు. "సీవీ రామన్ పుట్టిన దేశంలో పుట్టినందుకు గర్విస్తున్నాను" అని మొదలుపెట్టే దరఖాస్తులు నేను కట్టలు కట్టలు చదివాను. రామన్ గారు విశాఖలో చదువుకున్నారన్నది మన ప్రాంతానికి గర్వమే, దరఖాస్తుకి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

తర్వాత ఎమ్మెస్సీ. జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీలు, ఐఐఎస్సీ, ఎన్ఐటీల్లో దారులు ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లేజర్ పని, వరంగల్ ఎన్ఐటీ ఫిజిక్స్ విభాగంలో ఫైబర్ సెన్సర్ల పని ఎప్పటినుంచో ఉన్నాయి. ఫొటోనిక్స్ పేరుతోనే చదవాలంటే కొచ్చిన్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ ఫొటోనిక్స్ ఉంది. యూజీసీ పీజీ స్కాలర్‌షిప్పు వస్తే నెలకి 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు ఇస్తారు. మొత్తం 10,000 మందికి, అందులో 30 శాతం అమ్మాయిలకి.

పీహెచ్‌డీకి వచ్చేసరికి డబ్బు సమస్య చాలావరకు తీరుతుంది. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి ఈ రేట్లు. ఇక్కడ మన పిల్లలకి ఎవరూ చెప్పని ఒక దారి ఉంది. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ మొదటి ర్యాంకు వస్తే పీహెచ్‌డీకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ఏ యూనివర్సిటీ అయినా సరే, ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ మొదటి ర్యాంకయినా సరే. రాజాం వైపు అమ్మాయి ఒకామెకి ఇది తెలిసేసరికి కోర్సు అయిపోయి ట్యూషన్లు చెప్పుకుంటోంది. అదృష్టవశాత్తూ గడువు దాటలేదు. చిన్న యూనివర్సిటీలో చదవడం లాభించే చోటు ఇదొక్కటే అనుకుంటాను, వాడుకోండి.

ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి జాతీయ ఫెలోషిప్పులు విడిగా ఉన్నాయి. మన ఉత్తరాంధ్ర వాళ్లు తప్పకుండా చూసుకోవాల్సింది ఒకటుంది. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఇక్కడ రీయింబర్స్‌మెంట్ వచ్చింది కదా అని అక్కడ ఓబీసీ గడిలో టిక్కు పెట్టేసి, సీటు వచ్చాక సర్టిఫికెట్ల దగ్గర దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. కేంద్ర జాబితాలో మీ కులం పేరు, అక్షరాలతో సహా, చూసుకున్నాకే ఫారం నింపండి. ఉంటే కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి.

పేరు గొడవ ఇంకొకటి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో మరోలా. స్కాలర్‌షిప్ మంజూరై కూడా ఖాతాలో పడక నెలల తరబడి టెన్షన్ పడేది దీనివల్లే. ఈ సెలవుల్లో మూడూ ఒకటి చేయించుకోండి, ఖాతాకి ఆధార్ లింకయిందో లేదో బ్యాంకులో అడగండి. పాస్‌పోర్టు కూడా టెన్త్ మెమో ప్రకారమే తీయండి.

సిఫారసు లేఖ. మీరు పని చేస్తుండగా చూసిన టీచరే రాయాలి. హెచ్‌ఓడీ హోదా చూసి అడిగితే "మంచి విద్యార్థిని, క్రమశిక్షణ గలది" అని రెండు ముక్కలు వస్తాయి. అలాంటి లేఖని కమిటీలో ఎవరూ లెక్కపెట్టరు. మీ ప్రయోగంలో ఏం చెడింది, మీరు దాన్ని ఎలా పట్టుకున్నారు అని రాయగలిగినవాళ్లని పట్టుకోండి. గడువుకి కనీసం రెండు వారాల ముందు అడగండి, చేసిన పని ఒక పేజీలో రాసి ఇవ్వండి. లేఖ పెట్టమని వాళ్లకి మెయిల్లో వచ్చే లింకు చాలాసార్లు స్పామ్‌లోకి పోతుంది. ఫోన్ చేసి "సార్, మెయిలు వచ్చిందా" అని అడగడానికి మొహమాటపడొద్దు. మాకు గుర్తుచేస్తే కోపం రాదు, గుర్తుచేయకపోతేనే మర్చిపోతాం.

ప్రొఫెసర్లకి రాసే మెయిలు కూడా అంతే. వందమందికి ఒకటే మెయిలు పంపితే వందమందీ చెత్తలో పడేస్తారు. ఒకరి పేపరు ఒకటి తీసుకుని, అందులో అర్థమైన ఒక గ్రాఫు గురించి ఒక ప్రశ్న అడిగి, మీ కొలత గ్రాఫు జతచేయండి. ఇంగ్లిష్ సాదాగా ఉన్నా ఫరవాలేదు.

విదేశాలు. రెండు మాటలే చెబుతాను, మీకింకా సమయం ఉంది. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ కింద ఫొటోనిక్స్ మాస్టర్స్ కోర్సులు ఉన్నాయి. మార్సెయ్, కార్ల్స్‌రూయే, బార్సిలోనా లాంటి చోట్ల యూనివర్సిటీలు కలిసి నడిపే యూరోఫొటోనిక్స్ వాటిలో ఒకటి. స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1,400 యూరోలు, ఫీజు ఉండదు. ఆ ఏడు స్కాలర్‌షిప్ సీట్లున్నాయా, మూడేళ్ల డిగ్రీ సరిపోతుందా అన్నది కోర్సు పేజీలోనే చూసుకోవాలి. వెయిటింగ్ లిస్టులో పేరు వచ్చినా నిరాశపడొద్దు, అక్కడి నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఆప్టిక్స్‌కి పెద్దపేరున్నవి అరిజోనా, రోచెస్టర్, సెంట్రల్ ఫ్లోరిడా. అక్కడ పీహెచ్‌డీ అంటే మామూలుగా అసిస్టెంట్‌షిప్‌తో (ల్యాబులోనో క్లాసులోనో చేసే పనితో) ఫీజు మాఫీ, జీతం వస్తాయి. ఎంఎస్ కథ వేరు, దానికి అప్పు చేయాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఎంఎస్ గురించే ఎక్కువ చెబుతారు, ఎందుకో మీరే ఆలోచించుకోండి.

ఇక నాన్నగారు. ఆయన్ని దగ్గర్లో ఉన్న రైసు మిల్లుకి తీసుకెళ్లి సార్టెక్స్ మిషన్ చూపించండి. బియ్యం జారుతుంటే కెమెరా ఒక్కో గింజ మీద పడి వచ్చే కాంతిని చూసి, నల్ల గింజని గాలి ఊది పక్కకి కొడుతుంది. పలాసలో జీడిపప్పుకి కూడా రంగు చూసి వేరుచేసే మిషన్లు వాడతారు. కోవిడ్ రోజుల్లో అందరి వేళ్లకీ పెట్టిన ఆక్సీమీటరు ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి రెండూ పంపి రక్తంలో ఆక్సిజన్ లెక్కగడుతుంది. ఈ లైటు చదువు అదే. ఉద్యోగాలంటారా, కాంతి మీద పని జరిగే ప్రభుత్వ ల్యాబులు బెంగళూరులో ఇస్రోవారి లియోస్, డెహ్రాడూన్‌లో డీఆర్‌డీవోవారి ఐఆర్‌డీఈ, కోల్‌కతాలో గాజు, ఫైబర్ పరిశోధన చేసే సీజీసీఆర్‌ఐ, ఇందోర్‌లో ఆర్‌ఆర్‌క్యాట్ ఉన్నాయి. అన్నిట్లోనూ పోటీ ఎక్కువే, అది దాచను.

బీఈడీ ఆలోచనని కొట్టిపారేయొద్దు. ఆయన భయం డబ్బు గురించి, అందులో న్యాయం ఉంది. ఎమ్మెస్సీ రెండేళ్లు ఇంటి మీద కొంత భారం పడుతుంది, జేఆర్‌ఎఫ్ దాకా జీతం లాంటిది రాదు. మూడో ఏడాదిలో రెండు పరీక్షలూ రాయండి. జామ్ ఫిబ్రవరిలో, ఎడ్‌సెట్ వేసవిలో ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు. జామ్‌కి దరఖాస్తు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పెట్టాలి, అప్పటికి అకాడెమీల ఫారం కూడా దగ్గరపడుతుంది. ఈ ఇంటర్న్‌షిప్‌లో ఏం కొలవాలో తేల్చుకున్నాక, మీ కాలేజీలో స్పెక్ట్రోఫొటోమీటరు పనిచేస్తోందో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. లేకపోతే దేనితో పోల్చుకోవాలో అప్పుడు చూద్దాం.